బండి ఎక్కడ విడవాలి?

మేడారం జాతర వచ్చే ఏడాది జనగామ, మహబూబాబాద్ పల్లెల్లో ట్రాక్టరు ట్రాలీల రూపం మారిపోతుంది. వెదురు బద్దలు వంచి కట్టి, పైన పరదా కప్పి, అడుగున వరిగడ్డి పరిచి చాపలు, దుప్పట్లు వేస్తారు. ఒక మూల బియ్యం సంచి, గ్యాస్ పొయ్యి, నీళ్ల డ్రమ్ము. వెనకాల మొక్కు మేక. అమెరికాలో మనవాళ్లు సెలవులకు అద్దెకు తీసుకునే ఆర్వీలో పరుపులు, ఏసీ, స్నానాల గది ఉంటాయి, ఇందులో ఉండవు. పని మాత్రం ఒకటే: ఇంటిల్లిపాదీ వండుకుంటూ, పడుకుంటూ నాలుగు రోజులు ఊరు దాటి బతకడం. రెండు మూడు తరాల కింద ఆ పని కచ్చురం ఎద్దుల బండ్లు చేసేవి. ఇప్పుడు బండి కన్నా బలమైన వాహనం ఉంది, తారు రోడ్డు ఉంది, చేతిలో ఫోను ఉంది, పిలిస్తే అంబులెన్సు వస్తుంది. ఇన్ని ఉన్నా జాతరకు పోయినవాళ్లు తిరిగొచ్చేదాకా ఇంట్లో ముసలివాళ్లకు నిద్ర పట్టదు. ఆ భయానికి కారణముంది. పాత ప్రయాణానికి క్షేమం బండి వల్ల రాలేదు, మజిలీ వల్ల వచ్చింది. మనం బండిని మార్చుకుని మజిలీని వదిలేసుకున్నాం.

జనగామ నుంచి మేడారం దాదాపు నూట యాభై కిలోమీటర్లు. ఎద్దు గంటకు మూడు నాలుగు కిలోమీటర్లు నడుస్తుంది. మేయాలి, నీళ్లు తాగాలి, నెమరు వేయాలి, కాబట్టి రోజుకు పాతిక ముప్పై కిలోమీటర్లు దాటడం కష్టం. అంటే వెళ్లడానికే ఐదారు రోజులు. ఎప్పుడు ఆగాలో మనిషి తేల్చుకోనక్కర్లేదు, ఎద్దే తేల్చేది. పొద్దు గుంకకముందే బండ్లు విడిచేవారు. ఊరికి దగ్గరగా, బావి ఉన్న చోట, వాగుకు ఎగువన గట్టి నేల చూసుకునేవారు. ములుగు దాటాక పెద్దపులి తిరిగే అడవి, అందుకని ఒంటరి బండి కదిలేది కాదు. పది బండ్లు ఒక్కచోట చేరి, ఎద్దులను మధ్యలో కట్టి, నెగడు వేసి, వంతులవారీగా ఒకరు మేలుకుని ఉండేవారు. ఇవేవీ ఎవరూ రాసిపెట్టిన నియమాలు కావు. ప్రయాణం మెల్లగా సాగేది గనుక వాటంతట అవే అమరాయి. అందుకే వేగం వచ్చిన రోజున చెప్పాపెట్టకుండా పోయాయి.

పాత రోజులను ఇలా మెచ్చుకుంటే చదివేవారు ఒక మాట అడగాలి, అడగడం న్యాయం కూడా: అప్పుడు చచ్చినవాళ్ల లెక్క ఎవరు రాశారు? నిజమే. జనం పోగైన ప్రతిచోటా గత్తర పొంచి ఉండేది. 1867లో హరిద్వార్ కుంభమేళా నుంచి ఇళ్లకు తిరిగిన యాత్రికులు కలరాను ఉత్తరాదిన ఊరూరా మోసుకెళ్లారు. పాము కరిస్తే మంత్రగాడే దిక్కు. దారిలో నొప్పులొస్తే బండి కిందే పురుడు. విడిది దగ్గరి ఆ చావులను తగ్గించింది క్లోరిన్ కలిపిన నీళ్లు, మరుగుదొడ్లు, వైద్య శిబిరాలు, 2005లో మొదలైన 108 అంబులెన్సులు. వీటిలో ఏ ఒక్కదాన్నీ వదులుకోమని తెలివున్నవాడెవడూ అనడు. ఎద్దుల బండి మళ్లీ రావాలన్న కోరికా నాకు లేదు. నేను చూపేది అపాయం మారిన చోటును. అప్పుడది విడిదిలో ఉండేది, ఇప్పుడు రోడ్డెక్కింది. మన జాగ్రత్తలు మాత్రం ఇంకా విడిది చుట్టూనే తిరుగుతున్నాయి.

ట్రాలీ సంగతే చూడండి. ధాన్యం మోయడానికి చేసిన డబ్బా అది. సాధారణంగా దానికి సొంత బ్రేకులుండవు. ముందున్న ట్రాక్టరు ఆగినా వెనక బరువు ఆగదు, నెట్టుకొస్తుంది. 2018 జూన్‌లో యాదాద్రి జిల్లా వేములకొండ దగ్గర కూలీలతో వెళ్తున్న ట్రాక్టరు కాలువలో పడి 15 మంది చనిపోయారు. అందులో దాదాపు అందరూ ఆడవాళ్లే. 2021 జనవరిలో మహబూబాబాద్ జిల్లా గూడూరు మండలం మర్రిమిట్ట వద్ద పెళ్లి బట్టలకు బయలుదేరిన తండావాసుల ఆటోను లారీ ఢీకొని ఆరుగురు పోయారు. ఇవి జాతర ప్రమాదాలు కావు, మామూలు రోజుల ప్రమాదాలు. జాతర నాడు అవే వాహనాలు, అదే కిక్కిరిసిన కూర్పు, అదనంగా రాత్రి. ఇందులో చాలామందికి తెలియని చిక్కు మరొకటి ఉంది. సరుకు వాహనంలో ఊరికే ఎక్కి వెళ్లే ప్రయాణికులకు బీమా కంపెనీ పరిహారం బాధ్యత వహించనక్కర్లేదని ఆశారాణి కేసులో సుప్రీంకోర్టు 2002లోనే తేల్చింది. అంటే ట్రాలీలో కూర్చున్న ముప్పై మందికీ, జరగరానిది జరిగితే, బీమా కాగితం అక్కరకొచ్చే ఆశ చాలా తక్కువ. ఆ కాగితం ఉందిలే అన్న ధైర్యంతోనే చాలామంది ఎక్కుతారు.

వాహనం కన్నా పెద్ద లోపం నిద్ర. పదిహేడు గంటలు వరసగా మేలుకున్న మనిషి చురుకుదనం, రక్తంలో 0.05 శాతం మద్యం ఉన్నవాడి స్థాయికి పడిపోతుందని నిద్ర మీద పరిశోధన చేసినవారు ఎప్పుడో చూపించారు. మన చట్టం డ్రైవరుకు ఒప్పుకునేది 0.03 శాతమే. ఆ లెక్కన దర్శనం చేసుకుని తెల్లవారుజామున స్టీరింగు పట్టిన చుక్క ముట్టని భక్తుడు కూడా తాగినవాడి కిందే లెక్క. గొట్టంలో ఊదించి మద్యం పట్టుకుంటారు గానీ నిద్రలేమిని పట్టే యంత్రం ఏ కూడలిలోనూ లేదు. రవాణా సంస్థల డ్రైవరు రోజుకు ఎనిమిది గంటలే పనిచేయాలని చట్టం ఉంది, సొంత ట్రాక్టరు నడిపే రైతుకు అది వర్తించదు. ఇప్పుడు దారి చూడండి. జాతర రోజుల్లో సొంత వాహనాలను పస్రా మీదుగా పంపి, తిరుగు ప్రయాణంలో బయ్యక్కపేట, భూపాలపల్లి, పరకాల వైపు మళ్లిస్తారు. రద్దీ కోణంలో ఇది తెలివైన ఏర్పాటే, ఒక దారి పోను, ఒక దారి రాను. అయితే దాని ఫలితంగా మూడో రోజు నిద్రలేని డ్రైవర్లంతా వచ్చిపడేది భూపాలపల్లి రోడ్డు మీద. బొగ్గు, ఇసుక లారీలు మామూలు రోజుల్లో తిరిగేదీ ఆ రోడ్డే. వెళ్లేటప్పుడు భక్తి మెలకువగా ఉంచుతుంది. తిరుగు దారిలో ఒంట్లో అలసటా, మనసులో మొక్కు తీరిన నిశ్చింతా తప్ప ఇంకేమీ ఉండవు. ఏర్పాట్లన్నీ వెళ్లే దారికే ఎక్కువ జరగడం నాకు తలకిందుల లెక్కలా కనిపిస్తుంది.

విడిది పూర్తిగా క్షేమమైపోయిందని కాదు. వంటగదిని వాహనంలోకి ఎక్కించాక నిప్పు కూడా దాంతోపాటే ఎక్కింది. 2023 ఆగస్టులో మదురై స్టేషన్ దగ్గర ఆగి ఉన్న యాత్రికుల రైలు పెట్టెలో దొంగచాటుగా తెచ్చిన సిలిండరు అంటుకుని తొమ్మిది మంది చనిపోయారు. 2024 డిసెంబరులో కేరళలోని వడకరలో ఆగి ఉన్న కారవాన్లో ఇద్దరు చనిపోయారు. జనరేటరు నుంచి లోపలికి చేరిన కార్బన్ మోనాక్సైడే కారణమని తేలింది. దానికి వాసనా ఉండదు, రంగూ ఉండదు. అమెరికా ఆర్వీల్లో దాన్ని పసిగట్టే అలారం ఉండి తీరాలన్నది అక్కడి ప్రమాణం. మన పరదా బండ్లలో చలికి దించుకున్న పరదా వెనక నిప్పుల కుంపటి ఉంటుంది. ఇక నీళ్లు, చెట్లు. 2023 జులైలో మోరంచవాగు పొంగి మోరంచపల్లి మునిగింది. 2024 సెప్టెంబరు ఒకటిన పురుషోత్తమాయగూడెం వంతెన మీద ఆకేరు ఒక కారును ఇద్దరితో సహా ఈడ్చుకెళ్లింది. రెండడుగుల పారే నీరు చాలు కారును లేపడానికి. అంతకు ముందు రోజే మేడారం, తాడ్వాయి అడవిలో పెనుగాలికి దాదాపు యాభై వేల చెట్లు నేలకూలాయి. జాతర మాఘంలో వస్తుంది గనుక బతికిపోతున్నాం. వానాకాలంలో జలపాతాలు చూడటానికి గుడారాలు సర్దుకుని వచ్చే పట్నపు కుర్రాళ్లకు ఆ వెసులుబాటు లేదు.

‘ఆగండి, పడుకోండి అని రాయడం తేలికే, కూలి పోతుంది, పొలానికి నీళ్లు పెట్టేవాడుండడు, బడి పోతుంది, ఎక్కడ ఆగమంటావు?’ అంటారు. ఇందులో సగం ఒప్పుకుంటాను. పేదవాడికి దొరికే సెలవు చిన్నది. ఆర్టీసీ వేల బస్సులు వేస్తుంది, ఆడవాళ్లకు టికెట్ లేదు, డ్రైవర్లు డ్యూటీ మారతారు. ప్రాణానికి అంతకన్నా మంచి దారి లేదు. కానీ మొక్కు మేకను, కోళ్లను బస్సెక్కనివ్వరు, నాలుగు రోజుల సామాను దింపి ఎక్కించడం ముసలివాళ్లతో అయ్యే పని కాదు. అందుకే ట్రాలీ పోదు. పోలీసులు పస్రా దగ్గర ఆపి జరిమానా రాస్తే ఆ బండి ఇంటికి పోతుందా? జరిమానా కట్టించుకుని అలాగే ముందుకు వెళ్తుంది. మిగతా సగం మాత్రం ఒప్పుకోను. ఐదారు రోజుల దారిని ఆరేడు గంటలకు కుదించి మిగుల్చుకున్న సమయంలో ఒక రాత్రి నిద్రకు చోటు లేదనడం లెక్కకు నిలవదు. ‘ఎక్కడ ఆగాలి’ అన్న ప్రశ్నకు మాత్రం జవాబు చెప్పాల్సింది ప్రభుత్వమే. భూపాలపల్లి, పరకాల దారిలో బడులున్నాయి, మార్కెట్ యార్డులున్నాయి, ఫంక్షన్ హాళ్లున్నాయి. జాతర చివరి రెండు రాత్రులు వాటిని తెరిచి, నీళ్లు, వెలుతురు, ట్రాలీలు నిలిపే చోటు ఇస్తే చాలు. కొత్తగా కట్టాల్సింది ఏమీ లేదు.

ఈ దారి సాగే జిల్లాల కలెక్టర్లు వచ్చే జాతర ఏర్పాట్ల సమీక్షలో తిరుగు దారి మజిలీలను ఒక అంశంగా చేర్చాలి. ట్రాలీ కట్టే ఇంటి పెద్దలు ఇద్దరు డ్రైవర్లను మాట్లాడుకోండి, సిలిండరును పడక దగ్గర పెట్టకండి, దర్శనమైన రాత్రి మాత్రం బయలుదేరకండి.