ఫొటో వెనకవైపు

బోధన్ శక్కర్‌నగర్ నుంచి ఒకాయన, చనిపోయిన పెద్దనాయిన నేవీ ఫొటోను నిజామాబాద్‌లోని స్టూడియోకు తెచ్చాడు. 1971 యుద్ధంలో ఆ పెద్దనాయిన విమానవాహక నౌక విక్రాంత్ మీద పనిచేశాడట. ఇంట్లో అంతకుమించి ఎవరికీ తెలియదు.

స్టూడియో ఆయన ముందు ఫొటో వెనకవైపు స్కాన్ చేశాడు. పెన్సిల్ రాతలు తుడిస్తే పోతాయి మరి! తర్వాత బూజు తీస్తే ఫొటోలోని విమానం ముక్కున ప్రొపెల్లర్ తేలింది. అంటే జెట్ సీహాక్ కాదు, ముగ్గురు కూర్చునే అలీజే. అంటే సీహాక్‌లు నడిపిన 300 స్క్వాడ్రన్ కాదు, అలీజేలున్న 310. ఆ యుద్ధంలో డిసెంబర్ 4న కాక్స్‌బజార్ మీద దాడికి వెళ్లినవి సీహాక్‌లు, కాబట్టి ఈ ఫొటోను ఆ దాడికి ముడిపెట్టలేం.

చెరిగిపోయిన విమానం నంబరును మాత్రం ఆయన ఊహించి గీయలేదు. నాకు నచ్చిన పనితనం అదే. రంగులద్దడం ఎవరైనా నేర్చుకుంటారు. వెనక దొరికిన సర్వీసు నంబరును కాగితం మీద రాసిచ్చి, జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయంలో వివరాలు అడగమన్నాడు.