మంత్రసానులపై వెలసిన పరిశోధనలు

మంత్రసానితనమునకు ఒప్పుకొన్న పిమ్మట ఏది వచ్చినను పట్టవలసినదే యని తెలుగువారి సామెత. ఆ వృత్తిని గూర్చి వ్రాసిన పరిశోధకులు మాత్రము చాలకాలము తమ చేతికి అందినదానినే పట్టుకొనిరి.

1903లో లేడీ కర్జన్ పూనికతో ఏర్పడిన విక్టోరియా స్మారక నిధి, మంత్రసానులకు శిక్షణ నిప్పించు కార్యమునకు దిగెను. ఆ నిధి పక్షమున 1918లో వెలువడిన నివేదికలో దేశమునందలి వైద్యురాండ్రు పురిటిండ్ల దుస్థితిని వర్ణించిరి. వారి మాట అబద్ధము కాదు. కడుగని చేయి, మురికిబట్ట, గాలి చొరని గది ఎందరి ప్రాణములనో తీసినవి. కాని ఇంట సుఖముగా ప్రసవించిన స్త్రీ వైద్యురాలిని పిలువదు. బిడ్డ అడ్డము తిరిగి, నొప్పులతో రెండుమూడు దినములు గడచి, ఇంటివారు ఆశ వదలుకొన్న తరువాతనే కబురు పోవును. చెడిన కాన్పులను చూచినవారు కాన్పులన్నిటికిని తీర్పు చెప్పిరి. ఆ నివేదికలోని మూలదోషమిదియే.

దీనికి విరుగుడుగా మంత్రసానిని ఆకాశమున కెత్తువారు ఇటీవల బయలుదేరిరి. వారు సింధుదేశమునందలి లర్కానా జిల్లాలో జరిగి 2005లో ప్రకటితమైన పరిశోధనను చదువవలెను. మంత్రసానులకు శిక్షణయు, శుభ్రమైన సామగ్రియు ఇచ్చినచోట, పుట్టుకకు ముందువెనుకల శిశుమరణములు నూటికి 30 వంతులు తగ్గెను. తల్లుల మరణములు తగ్గినవని మాత్రము నిశ్చయముగా చెప్పుటకు వీలులేకపోయెను. ఆగని నెత్తురునకు మంత్రసాని సంచిలో మందు లేదు.

కాన్పును ఇంటివద్దనే చూచిన పరిశోధన మహారాష్ట్రమునందలి గడ్చిరోలి జిల్లాలో జరిగెను. అభయ్ బంగ్, రాణీ బంగ్ దంపతులును వారి సహచరులును 2004లో ప్రకటించిన ఆ వ్యాసము ఈ వాఙ్మయములో మేలైనది. శిక్షణ పొందిన గ్రామకార్యకర్తలు 772 మంది స్త్రీలను, కాన్పు తరువాత నాలుగు వారములవరకు కనిపెట్టి చూచిరి. నొప్పులవేళ చిక్కుపడినవారు నూటికి ఇంచుమించు 18 మంది; బాలింతలై జబ్బుపడినవారు 43 మంది. బిడ్డ బయటపడగానే గండము గడచినదని తలచు ఇంటివారికి ఇంతకంటె కనువిప్పు లేదు.

అయినను ఆ అంకెలను యథాతథముగా అన్నిచోట్లకు మోసికొనిపోరాదు. అదే జిల్లా దక్షిణపు కొసనున్న సిరొంచ ప్రాంతమున ఎన్నో ఇండ్లలో తెలుగే మాటలాడుదురు. పరిశోధన జరిగిన గ్రామములు అక్కడివి కావు. కాన్పునాటి మూర్ఛలను తెలుగు ముసలమ్మలు గుఱ్ఱపువాతమందురు. ప్రశ్నించువానికి ఆ మాట తెలియనిచో జవాబు చెప్పవలసినామె ఊరకుండును, లెక్కలో ఆ జబ్బు లేనట్లే యగును. సిరొంచలోనైనను, రాష్ట్రము వెలుపలి మరే తెలుగు పల్లెలోనైనను, బాలింతను ఆమె భాషలోనే అడిగి వ్రాసికొన్న లెక్క కావలసియున్నది.