ఫలక్‌నుమా: ముంగిలియు, లోగిలియు

హైదరాబాదు నగరమున చార్మినారునకు దక్షిణముగా మూడు మైళ్ల దూరమున కొండమీద నున్న ఫలక్‌నుమా సౌధమును వర్ణించిన వారందఱును దాని అందమునే వర్ణించిరి. ఆ అందమును నేనును కాదనను. కాని ఇల్లనునది చూచుటకే గాక కాపురమునకు గూడ గదా!

పైగా వంశీయుడగు నవాబు వికారుల్ ఉమ్రా 1884లో దీనికి పునాది వేయించెను. పేరు పారసీకము, ఆకాశమును పోలినదని అర్థము. కట్టడము తేలు ఆకారమున నున్నదందురు. ఉత్తరముగా రెండు పార్శ్వములు చేతులవలె చాచుకొని వచ్చువానిని ఆహ్వానించును. స్తంభముల వరుసలు, పాలరాతి మెట్లు, గాజు దీపవృక్షములు అన్నియు ఐరోపా తీరువే. భోజనశాలలోని ఒక్క బల్లచుట్టును 101 మంది కూర్చుండవచ్చును. ఇది అనుకరణమేయని కొందఱు తీసివేయుదురు. నాకట్లు తోచదు. కొండ వాలును, నగరపు చూపును ఎఱిగి ఆ ముఖభాగమును నిలిపిన చేయి సామాన్యమైనది కాదు.

అయితే జనానా ఎక్కడ? వెనుక, దక్షిణమున. ఇంటివారి వాసము అతిథుల కన్నులకు మఱుగు. వీధివైపు చెక్కుడు స్తంభములు నిలిపి, వంటింటికి పొగగూడు పెట్టించుట మఱచిన గృహస్థులు మనలోను లేకపోలేదు. కావున నవాబును మాత్రమే తప్పుపట్టుట న్యాయము కాదు.

ఈ ముంగిలి వైభవమునకు నవాబు అప్పులపాలయ్యెను. ఆయన భార్య ఆఱవ నిజాము మహబూబ్ అలీఖానునకు సోదరి. సౌధమును నిజామున కర్పించి ఋణబాధ తీర్చుకొను ఉపాయము ఆమెయే చెప్పెనని ప్రతీతి. అదే నిజమైన, ఆ కొండమీద లెక్క తెలిసిన మనస్సు వెనుకకట్టులోనే యుండెను! 1897 ప్రాంతమున సౌధము నిజాము వశమయ్యెను. 1911లో ఆయన అక్కడనే కన్నుమూసెను.

పిమ్మట అది రాజాతిథుల విడిదిగా నుండెను. 1951లో రాష్ట్రపతి రాజేంద్రప్రసాదుగారు బస చేసిన తరువాత చాలకాలము తలుపులు మూతపడియుండెను. 2010లో హోటలుగా తెఱచిరి. అతిథులకొఱకే కట్టిన ఆ ముంగిటికి అతిథులు మరల వచ్చుచున్నారు, అద్దె చెల్లించి.