వెనక సీటు లెక్క

"బండి పాతబడిపోయింది కదా సార్, థర్డ్ పార్టీ కట్టేయండి, చాలు." పదేళ్లు దాటిన కారున్న ప్రతివాళ్లకీ బీమా రెన్యూవల్ నెలలో ఈ మాట వినిపిస్తుంది. ఏజెంటు అంటాడు, మెకానిక్ అంటాడు, ఆఫీసులో పక్క సీటాయన కూడా అంటాడు. ఇందులో సగం నిజం ఉంది.

నాది 2013 ఆల్టో. ఇవాళ అమ్మితే లక్ష వస్తే గొప్ప. ఐదేళ్లు దాటిన కారుకు ఐడీవీ, అంటే పాలసీలో రాసే బండి విలువ, కంపెనీ, మనం మాట్లాడుకుని ఖాయం చేసుకునేదే. లక్షే అనుకుందాం. బంపర్ పగిలి కొత్తదానికి ఐదు వేలయిందనుకోండి. ప్లాస్టిక్ కాబట్టి సగం తరుగు తీసేస్తారు. మిగిలిన రెండున్నర వేలలో తప్పనిసరిగా మనం భరించాల్సింది వెయ్యి. చేతికొచ్చేది 1,500. దానికోసం ఏళ్ల తరబడి పెంచుకున్న 50 శాతం నో క్లెయిమ్ బోనస్ పోతుంది. పదేళ్లు దాటాక లోహపు భాగాలకూ తరుగు సగం. గీతలకూ సొట్టలకూ పాత బండి మీద క్లెయిమ్ వేయడం దండగ. నేను వేయను.

అయితే ఓన్ డ్యామేజ్ కవర్, అంటే మన బండికే జరిగే నష్టానికి బీమా, అసలు అక్కర్లేదా? బండి ఎక్కడ పెడతామన్నదాన్ని బట్టి ఉంటుంది. రిపేరు ఖర్చు ఐడీవీలో 75 శాతం దాటితే టోటల్ లాస్ కింద లెక్కగడతారు. చవక బండి ఆ గీతను తొందరగా దాటేస్తుంది. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్‌లో రోజుల తరబడి నీళ్లలో నానిన కార్లను చూసినవాళ్లకు ఇది వేరే చెప్పక్కర్లేదు. కాలవ పక్కనో, సెల్లార్‌లోనో కారు పెట్టుకునేవాళ్లు దీన్ని వదులుకోకూడదని నా గట్టి అభిప్రాయం. (నీళ్లలో ఆగిన బండిని మాత్రం స్టార్ట్ చేయకండి. అలా పాడైన ఇంజనుకు మామూలు పాలసీ కింద డబ్బు రావడం కష్టం.)

థర్డ్ పార్టీ గురించి బేరాలు లేవు. 1988 మోటారు వాహనాల చట్టం దాన్ని తప్పనిసరి చేసింది. 2022 జూన్‌లో అమల్లోకి వచ్చిన రేట్ల ప్రకారం 1000 సీసీ లోపు కారుకు ఏడాదికి 2,094 రూపాయలు, జీఎస్టీ అదనం. మన బండి తగిలి ఎవరైనా చనిపోయినా, గాయపడినా ఆ పరిహారానికి పాలసీలో పరిమితి లేదు. ఆస్తి నష్టానికి ఏడున్నర లక్షల వరకు. కారు విలువ లక్షకు పడిపోయినంత మాత్రాన రోడ్డు దాటుతున్న మనిషి విలువ తగ్గదు కదా.

ఏజెంటు చెప్పని సంగతి ఒకటుంది. థర్డ్ పార్టీ మాత్రమే కడితే, మన కారులో మనతోపాటు కూర్చున్నవాళ్లు అందులోకి రారు. మన తప్పు వల్ల ప్రమాదం జరిగితే వాళ్లకివ్వాల్సిన పరిహారం మన నెత్తినే పడుతుంది. అదే థర్డ్ పార్టీ, ఓన్ డ్యామేజ్ రెండూ కలిసిన ప్యాకేజీ పాలసీ అయితే వాళ్లూ కవరవుతారు. 2012లో సుప్రీంకోర్టు ఈ తేడాను విడమరిచి చెప్పింది. నా ఆల్టో ఆఫీసుకు పెద్దగా వెళ్లదు. వెళ్లేది అమ్మను ఎక్కించుకుని శ్రీశైలం ఘాట్ రోడ్డు మీదికి, పెళ్లిళ్లకు, ఊరికి. వెనక సీట్లో ఎప్పుడూ ముగ్గురుంటారు. బండి వయసు చూసి పాలసీ తగ్గించుకోమనేవాళ్లు ఆ సీటు వైపు చూడరు.

అందుకే ఈ ఏడూ ప్యాకేజీయే తీసుకున్నాను. బోనస్ పోను ఓన్ డ్యామేజ్‌కు అదనంగా పడింది రెండు వేల లోపే. పేర్లు రాయకుండా ప్రయాణికులందరికీ వర్తించే వ్యక్తిగత ప్రమాద బీమా కూడా చేర్పించాను, దానికయ్యేది కొద్ది మొత్తమే. నడిపే యజమానికి 15 లక్షల కవర్ ఎలాగూ ఉండాలి. అది ఇంకో బండి మీదో, విడిగానో ఇప్పటికే ఉంటే మళ్లీ కట్టనక్కర్లేదు. ఒంటరిగా ఊళ్లో తిరిగి, మేడ కింద గట్టి గేటు లోపల బండి పెట్టుకునేవాళ్లు థర్డ్ పార్టీతో ఆగిపోయినా నేను కాదనను.

కాకపోతే దిగేముందు ఆలోచించుకోండి. ఒకసారి థర్డ్ పార్టీకి దిగితే, మళ్లీ ప్యాకేజీకి రావాలన్నప్పుడు కంపెనీవాళ్లు సాధారణంగా బండి చూశాకే ఇస్తారు. గడువు దాటి 90 రోజుల్లోపు కట్టకపోతే బోనస్ కూడా పోతుంది.