ఒక్క ప్రతి పనితనం

పుస్తకం చేతికి రాగానే నేను ముందు వెన్ను చూస్తాను. ముఖచిత్రం ఎవరైనా అందంగా వేయించుకోగలరు. వెన్ను మీద పేరు సరిగ్గా నడుమ కూర్చుందా, అట్ట మడత పుస్తకం అంచునే పడిందా అన్నది చూస్తేనే చేసినవాళ్ల శ్రద్ధ తెలుస్తుంది. ప్రింట్ ఆన్ డిమాండ్ పుస్తకాలకు, అంటే ఆర్డరు వచ్చాకే అచ్చయ్యేవాటికి, ఈ పరీక్ష మరీ కఠినం. వెయ్యి కాపీలు వేసేచోట మొదటి కొన్ని పాడైతే పక్కన పడేసి మిషను సర్దుకుంటారు. ఇక్కడ అచ్చయ్యేదే ఒక్కటి. అదే పాఠకుడికి వెళ్తుంది.

వెన్ను వెడల్పు పేజీల సంఖ్యనీ కాగితం మందాన్నీ బట్టి ఉంటుంది. రచయితలు సొంతంగా పుస్తకం వేసుకునే వేదిక అమెజాన్ కేడీపీ ఇచ్చే లెక్క ప్రకారం తెల్ల కాగితానికి పేజీకి 0.002252 అంగుళాలు, క్రీమ్ కాగితానికి 0.0025. 200 పేజీల పుస్తకం తెల్ల కాగితం మీద 0.45 అంగుళాలొస్తే, క్రీమ్ మీద అర అంగుళం వస్తుంది. తేడా మిల్లీమీటరు పైచిలుకు. అంతే కదా అనిపిస్తుంది గానీ, ఒకదానికి గీసిన అట్టను రెండోదానికి తొడిగితే మడత అంచు తప్పుతుంది, పేరు పక్కకు జరుగుతుంది. ఆఖరి నిమిషంలో పెద్దలెవరో ముందుమాట రాసిస్తే, పెరిగిన పేజీలు లెక్కేసి అట్ట మళ్లీ గీయాల్సిందే. ఆ ఓపిక ఉన్న డిజైనరు దొరికిన రచయిత అదృష్టవంతుడు.

రచయితే ప్రచురణకర్త కావడం తెలుగులో కొత్తేమీ కాదు. ఆఫ్‌సెట్‌లో ప్లేట్ల ఖర్చు ఒక్క కాపీకైనా వెయ్యింటికైనా ఒకటే. అందుకే సొంత డబ్బుతో వెయ్యి వేయించి, కొన్ని అమ్మి, కొన్ని పంచి, మిగిలినవి అటకెక్కించడం మన రచయితల ఇళ్లలో మామూలైపోయింది. డిజిటల్ అచ్చులో ప్లేటే లేదు. మొదటి కాపీకీ నూరో కాపీకీ అయ్యే ఖర్చు దాదాపు ఒకటే. ఈ సంగతిని పుస్తక వ్యాపారంగా మలిచినవాళ్లలో అమెరికాలోని ఇన్‌గ్రామ్ ముందుంది. టెనెసీ రాష్ట్రం లావెర్న్‌లో 1997లో లైట్నింగ్ ప్రింట్ పేరుతో మొదలుపెట్టి, తర్వాత లైట్నింగ్ సోర్స్ అని మార్చింది. రాండమ్ హౌస్‌లో దశాబ్దాలు సంపాదకుడిగా పనిచేసిన జేసన్ ఎప్‌స్టైన్ ఆ పని మొత్తాన్నీ ఒక్క పెట్టెలోకి తేవాలనుకున్నారు. జెఫ్ మార్ష్ కనిపెట్టిన ఎస్ప్రెసో బుక్ మెషీన్‌ను 2007లో న్యూయార్క్ పబ్లిక్ లైబ్రరీలో ప్రదర్శించారు. 300 పేజీల పుస్తకాన్ని ఐదు నిమిషాల్లోపే అచ్చేసి, జిగురుపెట్టి, అట్ట తొడిగి, అంచులు కోసి బయటికి పంపేది. మన దగ్గర ఇలా ఆర్డరు మీద అచ్చేసిచ్చే సంస్థల్లో బెంగళూరులో పోతీ డాట్ కామ్ 2008లో, చెన్నైలో నోషన్ ప్రెస్ 2012లో మొదలయ్యాయి.

మిషను ఎంత గొప్పదైనా తెలుగు పేజీని అది దిద్దదు. ఆ పని డీటీపీ బల్ల దగ్గరే జరగాలి. మన అక్షరానికి పైన గుడి, కింద ఒత్తు. ‘రాష్ట్రం’ అన్న మాటనే తీసుకోండి, ‘ష’ కింద రెండు ఒత్తులు ఇమడాలి. ఇంగ్లిషుకు సరిపోయే పంక్తి దూరం ఇక్కడ పెడితే పై పంక్తి ఒత్తు వచ్చి కింది పంక్తి గుడిని తాకుతుంది. 12 పాయింట్ల అక్షరానికి 17, 18 పాయింట్ల దూరం ఇచ్చిన పేజీలు నాకు హాయిగా చదువుకోవడానికి వీలుగా ఉన్నాయి. పేజీలు పెరుగుతాయి, ధర పెరుగుతుంది, నిజమే. అయినా అక్కడ పొదుపు చేయకూడదంటాను. మనవి సంధులతో సాగే పొడుగు మాటలు. పంక్తి రెండువైపులా సమంగా రావాలని పట్టుబడితే మాటల మధ్య కంతలు పడతాయి. మంచి డీటీపీ చేసేవాళ్లు అలాంటి పంక్తిని చూడగానే ఆగి, మాటను అక్షరం చెడని చోట విరిచి సరిచేస్తారు. యూనికోడ్ కాని పాత అను ఫాంట్లలో కూర్చిన పేజీ పీడీఎఫ్‌గా చక్కగానే అచ్చవుతుంది. కానీ అదే పుస్తకం రేపు ఈ-బుక్ కావాలంటే యూనికోడ్‌లోకి మార్చి మళ్లీ ప్రూఫులు దిద్దాలి. మొదటే మండలి లాంటి యూనికోడ్ ఫాంటులో కూర్చుకుంటే ఆ శ్రమ తప్పుతుంది.

ఇక కాగితం. ఒక పేజీని వెలుతురుకు పట్టి చూడండి. ముందు పంక్తి మీద వెనక పంక్తి సరిగ్గా కూర్చుంటే ఆ మిషను నడిపినవాళ్లకు పని వచ్చు. తర్వాత పుస్తకం తెరవండి. కాగితంలో నారకు ఒక దిక్కుంటుంది, దాన్నే ప్రెస్సులో గ్రెయిన్ అంటారు. పాత కాగితం ముక్కను చించితే ఒకవైపు తిన్నగా, రెండోవైపు వంకరగా చిరుగుతుంది. తిన్నగా చిరిగిన దిక్కే గ్రెయిన్. అది వెన్నుకు సమాంతరంగా ఉన్న పుస్తకం మెత్తగా తెరుచుకుంటుంది. అడ్డంగా ఉంటే పేజీలు బిర్రబిగుసుకుని, వదలగానే మూసుకుపోతాయి. చిన్న డిజిటల్ ప్రెస్సులో దొరికిన షీటు వాడేసే తొందర ఉంటుంది. సరైన గ్రెయిన్ షీటు అడిగి తెప్పించే ప్రెస్సువాళ్లంటే నాకు ఎంతో గౌరవం.

బైండింగులో వెన్నువైపు కాగితాలను కోసి, గరుకుచేసి, వేడి జిగురు పట్టిస్తారు. ఆ గరుకులోకి జిగురు దిగితేనే ఒక్కో కాగితానికీ పట్టు. మామూలు ఈవీఏ జిగురు చలికి పెళుసెక్కుతుంది, ఎక్కువ వేడికి మెత్తబడుతుంది. పీయూఆర్ జిగురు ఖరీదు ఎక్కువే, పట్టు ముదరడానికి గంటల సమయం తీసుకుంటుంది. అయితే పుస్తకాన్ని బాగా విప్పి చదివినా పేజీ అంత తేలిగ్గా ఊడదు. 400 పేజీల నవలకైతే పీయూఆర్ అడగమనే చెబుతాను. అలాగే వెన్నువైపు మార్జిన్. పుస్తకం లావెక్కేకొద్దీ అది పెరగాలి. కేడీపీ 150 పేజీల వరకు 0.375 అంగుళాలు, 300 వరకు అర అంగుళం తప్పనిసరి చేసింది. మాట వెన్నులోకి దూరిపోకుండా కాపాడేది ఆ జాగాయే.

ఎవరి ద్వారా వేయించుకోవాలన్నది అమ్మకాన్ని బట్టి ఉంటుంది. వెయ్యి అమ్ముడవుతాయన్న నమ్మకం ఉంటే ఆఫ్‌సెట్టే మేలు. పాఠకులు నాలుగు దేశాల్లో చెదిరి ఉంటే ఇన్‌గ్రామ్ లాంటి సంస్థ మేలు. దానికి అమెరికాతోపాటు బ్రిటన్‌లో, ఆస్ట్రేలియాలో ముద్రణాలయాలున్నాయి కాబట్టి పుస్తకం పాఠకుడికి దగ్గర్లోనే అచ్చవుతుంది. ఏ దారి ఎంచుకున్నా ఐఎస్‌బీఎన్ మాత్రం మీ పేరునే తీసుకోండి. మన దేశంలో రాజా రామ్మోహన్ రాయ్ ఏజెన్సీ దాన్ని ఉచితంగా ఇస్తుంది. వేదిక ఇచ్చే నంబరు వాడితే చాలాచోట్ల ప్రచురణకర్తగా ఆ వేదిక పేరే నమోదవుతుంది. అమ్మకానికి పెట్టే ముందు ఒక ప్రూఫు కాపీ తెప్పించుకుని కాగితం మీదే చదవండి. తెర మీద కనపడని ఒత్తు తప్పు అచ్చులో దొరుకుతుంది.

ఆ తర్వాత దొరికిన తప్పుకైనా ప్రింట్ ఆన్ డిమాండ్‌లో మందుంది. ఫైలు సరిచేసి పంపితే తర్వాతి ప్రతి సరైన పాఠంతో వస్తుంది. అటక మీద పాత కట్టలు లేవు కాబట్టి తప్పొప్పుల పట్టిక అతికించే పని లేదు. అలా మార్చిన ప్రతిసారీ ఇంప్రింట్ పేజీలో ఆ నెల, సంవత్సరం వేసే రచయితలు కొందరున్నారు. రేపు రెండు ప్రతుల్లో పాఠం వేరుగా కనపడితే ఏది తర్వాతిదో పరిశోధకులకు ఆ ఒక్క పంక్తి చెబుతుంది.