'యజ్ఞం' కథ – అసమానతా విచారము

కాళీపట్నం రామారావుగారి 'యజ్ఞం' కథను గూర్చిన విమర్శలలో నెక్కువ భాగము కథాంతమునందలి శిశుహత్య చుట్టును తిరుగుచున్నది. ఆ ముగింపు ఉచితమా, కాదా యన్న వాదము నిచట మేము తడవము. అంతకు ముందు అప్పల్రాముడు పంచాయితీలో చెప్పుకొన్న మాటలే మన కాలమునకు ముఖ్యములని మా తలంపు.

సుందరపాలెము చెడిన యూరు కాదు, బాగుపడిన యూరు. శ్రీరాములునాయుడు దుష్టుడు కాడు. గోపన్న యిచ్చిన అప్పు కల్పితమును గాదు. అయినను ఊరు పెరిగిన కొలది అప్పల్రాముని కుటుంబము తరిగిపోయినది. పంటకు విలువకట్టునది దూరపు విపణియైనపుడు, ధర పడిన యేడు కలవాడు వేచియుండగలడు. అప్పున్నవాడు భూమి నమ్ముకొనవలసినదే. ఇది కథకుడు చెప్పిన సూత్రము కాదు, కథనుండి మేము గ్రహించినది.

అర్థశాస్త్రజ్ఞుల మాట వేరు. వర్తకము పెరిగినచో శ్రామికులు విస్తారముగా నున్న దేశమున కూలి పెరుగునని 1941లో స్టోల్పర్, శామ్యూల్సన్ల సిద్ధాంతమునుండి తేలినది. అభివృద్ధి తొలిదశలో ఆదాయ వ్యత్యాసము పెరిగి, పిదప తగ్గునని 1955లో కుజ్నెట్స్ ఊహించెను. తన ప్రతిపాదనలో ఆధారము స్వల్పము, ఊహ అధికమని ఆయనయే యొప్పుకొనెను. మెక్సికో 1986లో గాట్ ఒడంబడికలో చేరిన పిదప నైపుణ్యము గల పనివారికిని, లేనివారికిని నడుమ వేతనాంతరము తగ్గుటకు మారుగా పెరిగినది. బ్రెజిలులో 2000 తరువాతి దశాబ్దమున అసమానత కొంత తగ్గినది; అందుకు కనీస వేతనముల పెంపు, పేద కుటుంబములకు ప్రభుత్వ మిచ్చిన ధనసహాయము, విద్యావ్యాప్తి తోడ్పడినవి. కాబట్టి విపణి యొక్కటియే ఫలమును నిర్ణయింపదు. సిద్ధాంతము నందలి శ్రామికుడు ఋణములేని వాడై విపణికి వచ్చును. అప్పల్రాముడట్లు రాలేదు.

అయితే ఒక హెచ్చరిక. 1991 నాటి ఆర్థిక సంస్కరణల తరువాత 'ప్రపంచీకరణము' అను పదము మన పరిశోధనలలో ప్రతి దుఃఖమునకును బిరుదైనది. 'యజ్ఞం' కథను ఆ వరుసలో చేర్చి, జోస్యముగా పొగడుట మాకు సమ్మతము కాదు. అందు విదేశీ సంస్థలు లేవు. ఉన్నది గ్రామము, ఋణము, పెద్దమనుష్యులు. ఋణగ్రస్తుని నోట అంత సుదీర్ఘమైన ఆర్థిక చరిత్ర వెలువడుట సహజమా యన్న శంకయు మమ్ము వదలలేదు. కొన్నియెడల పాత్ర వెనుక రచయిత గొంతు వినబడును. ఐనను ఆ సభలో అతని లెక్కకు బదులు చెప్పినవాడు లేడు. అప్పు తీర్చవలెననియే తీర్పయ్యెను.