పనివారి రాజవీథి

స్పెయిన్ దేశమున కాటలోనియాకు ముఖ్యపట్టణమైన బార్సిలోనా నగరమున పసేజ్ ద గ్రాసియా అను రాజవీథి యొకటి కలదు. ఆ పేరెత్తినంతనే యాత్రికులెల్లరును వాస్తుశిల్పి గౌడీ నామమునే జపింతురు. ఆ మహనీయుని ప్రతిభను శంకించువాడను గాను. కాని ఆ వీథి వైభవమంతయు నొక్క వాస్తుశిల్పి మేధనుండియే పుట్టెనని తలచుట, ఇనుము వంచినవారికిని, ఱాయి చెక్కినవారికిని, రంగుగాజు కూర్చినవారికిని చేయు ద్రోహమని నా దృఢవిశ్వాసము.

పూర్వమది కోటగోడల నడుమనున్న నగరమును గ్రాసియా గ్రామముతో కలుపు బాటయట. 1827లో దానిని విశాలవీథిగా తీర్చిరి. 1854లో కోటగోడల కూల్చివేత మొదలగుటయు, 1859లో సెర్దా అను ఇంజనీరు నగరవిస్తరణకు ప్రణాళిక రచించుటయు తోడుపడగా, బట్టల మిల్లులవలనను వర్తకమువలనను సిరిగడించిన శ్రీమంతు లచట నొకరిని మించి యొకరు మేడలు కట్టించిరి.

నా పక్షపాతమును దాచను: ఆ వీథికంతటికిని తలమానికము 35వ సంఖ్యగల లియో మొరేరా భవనము. 1902–1906 నడుమ దొమెనెక్ మొంతానెర్ అను వాస్తుశిల్పి ఒక పాత యింటిని పునర్నిర్మించుచు, తన కాలపు మేటి పనివారిని ఒక్క కప్పు క్రిందికి రప్పించెను. శిల్పి యుసేబి అర్నావు ఫొటోకెమెరాను, ఫోనోగ్రాఫును, విద్యుద్దీపమును, టెలిఫోనును చేతబూనిన మూర్తులను చెక్కి, నాటి నూతన యంత్రములకు దేవతావిగ్రహముల గౌరవమును కల్పించెను. లోపలి ద్వారములచెంత, రాజశిశువును సాకిన దాదిని గూర్చి కాటలన్ తల్లులు పాడు జోలపాటను ఘట్టము ఘట్టముగా శిల్పీకరించెను. లూయిస్ బ్రూ రంగుపలుకులను పొదిగి భోజనశాల గోడలపై వనవిహారదృశ్యములను కూర్చగా, అందలి మనుష్యుల ముఖములును కరములును మాత్రము పింగాణితో ఉబ్బెత్తుగా నిలిచి సజీవములై తోచును. అంతోని రిగాల్త్ గాజుముక్కలను సీసపు పట్టీలతో బంధించి, వెనుకతట్టు వసారాను సూర్యరశ్మికే చిత్రశాలగా మార్చెను. ఒకని పని మరియొకని పనిని మ్రింగక, మెఱుగుపఱచుట అచటి విశేషము!

ఆ వరుసలోనే, 41వ సంఖ్యయందు, చాకొలేటు వర్తకుడైన అమత్యేర్ గృహమునకు 1898–1900లో వాస్తుశిల్పి పుయిగ్ కదఫాల్క్ తీర్చిన ముఖభాగమును చూడవలయును. గోడకు ఒక రంగు సున్నపుగారను పూసి, దానిపై వేరొక రంగు పలుచని పూత వేసి, అది తడియారకమున్నే పై పొరను గీకి, అడుగు రంగును లతలుగా, పువ్వులుగా వెలికితీయుట అందలి మర్మము. తడి యారినచో గీత పడదు. తొందరపడినచో అంచు చెదరును. దిద్దుబాటునకు తావే లేదు.

గౌడీ ఆ వీథిలోనే 1906–1912 నడుమ నిర్మించిన మీలా భవనమునందు సైతము, మిద్దెను మోయు 270 ఇటుక కమానులను నిలిపిన తాపీవారినిగాని, ఇనుప తుక్కును కొలిమిలో కాచి, సముద్రపు నాచువలె మెలికలు తిరుగు బాల్కనీ కటకటాలుగా సాగగొట్టిన కమ్మరులనుగాని తలచువారెందరు? వీథి పొడుగున 1906లో వెలసిన దీపస్తంభపుటాసనములను రూపొందించినవాడు పెరె ఫల్కేస్ కాగా, వానినికూడ గౌడీ ఖాతాలోనే వ్రాసికొనుచున్నారు!

ఇంతటి పనితనమునకు దక్కిన సత్కారమేమి? 1943లో, ఒక అంగడి సొగసుకొఱకై, లియో మొరేరా భవనపు క్రింది అంతస్తున అర్నావు చెక్కిన ప్రతిమలను నిర్దాక్షిణ్యముగా ధ్వంసము చేసిరి. ఏ శత్రుసేనయు దండెత్తలేదు. అద్దాల బీరువాలకు ఆ శిల్పములు అడ్డువచ్చినవి, అంతియే! తలచినకొలది గుండె మండును. నేడో, పగిలిన పింగాణి పలకల పొదుగుడు పనిని అనుకరించు ప్లాస్టిక్ బల్లిబొమ్మలను యంత్రపుటచ్చులలో పోసి, మహాకళాఖండముల పేరిట అంగళ్లలో అమ్ముచున్నారు. విరిగిన ప్రతి ముక్కను చేతబట్టి, వంపు చూచి, దాని ప్రక్క నొదుగు ముక్కను వెదకుటలోనే ఆ కళ యంతయు నున్నది. అచ్చుపోసిన సరకున వెదకుట యేది, ఎన్నిక యేది?

కావున ఆ నగరపెద్దలకు నాదొక విన్నపము. ప్రతి భవనద్వారమునను వాస్తుశిల్పి నామముతోపాటు, తెలిసినంతవఱకు శిల్పి, కమ్మరి, గాజుపనివాడు, తాపీమేస్త్రి పేర్లను చెక్కింపవలయును. కూలిన ప్రతిమలను మరల నిలుపదలచినచో, అచ్చు నకళ్లతో సరిపుచ్చక, ఱాతిపనిని నేడు అభ్యసించుచున్న యువకులకు ఉలి నప్పగింపవలయును. ధనము మేడను కట్టింపగలదు గాని, పని నేర్చిన చేయి లేనిదే దానికి ప్రాణము రాదు. ఆ చేతికి అన్నము పెట్టని నగరము, పూర్వుల ప్రతిభకు టిక్కెట్లు అమ్ముకొని బ్రతుకవలసినదే.